గగనసేవ ముగిసిన పిమ్మట

విమానయానం అనగానే మన విద్యార్థుల మనోనేత్రం ఎదుట రెండు మూర్తులు నిలుస్తాయి. ఒకటి విమానం నడిపే పైలట్, రెండవది చిరునవ్వుతో పళ్ళెం అందించే ఎయిర్‌హోస్టెస్. సైనిక విమానాలలో కూడా ప్రయాణికులు ఉంటారనీ, వారి క్షేమం చూచే సిబ్బంది ఉంటారనీ, ఆ సిబ్బంది ఏదో ఒకనాడు యూనిఫారం విడిచి పౌరజీవనంలో అడుగు పెట్టవలసి ఉంటుందనీ మనలో చాలమందికి తోచదు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల విద్యార్థులకు ఈ ప్రసక్తి ఎందుకని ఎవరైనా అడుగవచ్చు. మనకు పొరుగుననే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ కలదు. 1967లో దానికి శంకుస్థాపన చేసినవారు నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన జన్మస్థలం హైదరాబాదే. హకీంపేట, బేగంపేటలలోను వైమానిక కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఉద్యోగం చేసి విరమించిన కుటుంబాలు మన వీధులలోనే ఇండ్లు కట్టుకొని నివసిస్తున్నాయి. వారి బిడ్డలు మన కళాశాల వంటి కళాశాలలలోనే చదువుతున్నారు.

ముందుగా ఈ ఉద్యోగ స్వరూపం తెలుసుకోవడం అవసరం. అమెరికా వైమానిక దళంలో ఫ్లైట్ అటెండెంట్ అన్న పేరుతోనే ఒక ప్రత్యేక వృత్తిశాఖ ఉంది. అధ్యక్షుడు, మంత్రులు, సైన్యాధిపతులు ప్రయాణించే విమానాలలో వీరు పనిచేస్తారు. మన దేశంలో ఇట్టి ప్రముఖుల ప్రయాణభారం ఢిల్లీలోని పాలం కేంద్రంగా పనిచేసే ఎయిర్ హెడ్‌క్వార్టర్స్ కమ్యూనికేషన్ స్క్వాడ్రన్‌పై ఉన్నది. ఒకప్పటి డకోటాలు, ఆవ్రోలు, టుపొలెవ్ విమానాలు మొదలుకొని నేటి బోయింగుల వరకు ఈ దళం నడిపింది. ప్రముఖులు ప్రయాణించే ఈ విమానాలు కాక, సైనికులను, సామగ్రిని మోసే భారీ విమానాలు వేరు. 1984లో ఆంటొనోవ్-32, 1985లో ఇల్యూషిన్-76, 2013లో సి-17 గ్లోబ్‌మాస్టర్ మన దళంలో చేరాయి. వీటిలో లోడ్‌మాస్టర్ అనే ఉద్యోగి ఉంటాడు. ఎంత బరువు ఎక్కడ ఉంచాలి, దానిని గొలుసులతో ఎట్లా బిగించాలి, కూర్చున్న సైనికులకు ఏ సూచనలు ఇవ్వాలి అన్నవన్నీ అతని బాధ్యతలే. విమానపు గరిమకేంద్రం కొద్దిగా వెనుకకు జరిగినా విమానం అదుపు తప్పగలదు. కావున అతని లెక్క తప్పడానికి వీలు లేదు.

సేవ అనే మాట వినగానే మనవారు కొంత చిన్నచూపు చూస్తారు. తేనీరు అందించడం ఒక ఉద్యోగమా అని ప్రశ్నిస్తారు. ఇది సరియైన ఆలోచన కాదు. ప్రయాణికుల విమానానికి అనుమతి లభించాలంటే, సగం ద్వారాలు మూసి ఉంచినా విమానంలోని వారందరూ 90 సెకండ్లలో బయటపడగలరని నిర్మాత నిరూపించవలసి ఉంటుంది. ఆ తొంభై సెకండ్ల కొరకే కేబిన్ సిబ్బంది ఉన్నారు. తేనీరు మిగిలిన సమయంలో చేసే పని మాత్రమే. 1986 సెప్టెంబరు 5న కరాచీ విమానాశ్రయంలో పాన్ అమెరికన్ విమానం హైజాకు అయినప్పుడు ప్రయాణికులను కాపాడుతూ ప్రాణమర్పించిన నీరజా భనోత్‌కు అశోకచక్ర లభించినది పళ్ళెం చక్కగా అందించినందుకు కాదు గదా. సైనిక విమానాలలో ఈ అపాయం మరింత ఎక్కువ. 1977 నవంబరు 4న ప్రధాని మొరార్జీ దేశాయి ప్రయాణిస్తున్న టుపొలెవ్ విమానం అస్సాంలోని జోర్హాట్ సమీపాన పొలాలలో కూలినప్పుడు ప్రధాని ప్రాణాలతో బయటపడ్డారు. విమాన సిబ్బందిలో అయిదుగురు వైమానిక దళ అధికారులు మరణించారు.

ఈ వృత్తి చరిత్రలో మొట్టమొదటి పేరే మన విషయానికి చక్కని దృష్టాంతం కావడం విశేషం. ఎలెన్ చర్చ్ అనే అమెరికా యువతి శిక్షణ పొందిన నర్సు. విమానం నడపాలని ఆమె కోరిక. స్త్రీకి ఆ అవకాశం లేని కాలమది. ప్రయాణికులకు విమానమంటే ఉన్న భయం పోవాలంటే విమానంలో నర్సు ఉండడం మంచిదని బోయింగ్ వారి సంస్థను ఒప్పించి, 1930 మే 15న ప్రపంచంలోనే తొలి స్టివార్డెస్‌గా ఆమె విమానమెక్కింది. కారు ప్రమాదంలో గాయపడిన కారణంగా ఏడాదిన్నరకే ఆ ఉద్యోగం ముగిసింది. పిమ్మట ఆమె నర్సింగ్ విద్యలో పట్టా పొందింది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు సైన్యపు నర్సింగ్ దళంలో చేరి, క్షతగాత్రులను తరలించే విమానాలలో పనిచేసి ఎయిర్ మెడల్ పొందింది. యుద్ధానంతరం ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్ పట్టణపు యూనియన్ ఆసుపత్రిలో నర్సింగ్ విభాగానికి అధిపతియై, తరువాత ఆసుపత్రి పరిపాలకురాలైంది. ఆకాశంలో నేర్చినదానిని ఆమె నేలపై ఆసుపత్రిలో వినియోగించింది. తిరిగి విమాన సంస్థ తలుపు తట్టలేదు. ఈ అంశాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. ఎందుకంటే మనవారు చేసే మొదటి ప్రయత్నం సాధారణంగా విమాన సంస్థ తలుపు తట్టడమే.

ఆ తలుపు ఎందుకు సులభంగా తెరచుకోదో చూద్దాం. భారత వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా చేరిన యువకుడు పదిహేడు, ఇరవై ఏండ్ల మధ్య వయస్సులో చేరి, ఇరవై సంవత్సరాల ఒప్పందం ముగించి నలభై ఏండ్లకు అటూ ఇటూగా బయటికి వస్తాడు. పదిహేను సంవత్సరాల అర్హమైన సేవ ఉంటేనే అతనికి పింఛను. పౌర విమాన సంస్థలలో చాలా భాగం కొత్తగా తీసుకొనే కేబిన్ సిబ్బందిని ఇరవై ఏడు ఏండ్ల లోపు వారినుండే ఎన్నుకుంటాయి. నలభై ఏండ్ల అనుభవజ్ఞుడు అక్కడ నిలువుటద్దం ముందే ఓడిపోతాడు. వయస్సు అడ్డు రాకున్నా మరొక అడ్డంకి ఉంది. సైనిక విమానంపై పొందిన శిక్షణ పౌర విమానంపై నేరుగా చెల్లదు. ప్రతి సంస్థ తన విమాన రకంపై అత్యవసర విధానాల శిక్షణ తిరిగి ఇచ్చి, పరీక్ష పెట్టిన తరువాతనే విధులలోకి తీసుకుంటుంది. విమానాల మరమ్మతు శాఖవారి స్థితి కొంత నయం. లైసెన్సుకు వారి సైనిక అనుభవం లెక్కలోకి వస్తుంది, అయినా పౌర విమానాలపై కొంతకాలం పనిచేసి చూపవలసిందే. కేబిన్ విధులలో ఉన్నవారికి చేతిలో పెట్టుకొని చూపడానికి లైసెన్సు కాగితం కూడా ఉండదు. విమాన సంస్థలలో వారికి నిజంగా తగిన స్థానం విమానంలో కన్నా శిక్షణశాలలో ఉంటుంది. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం చుట్టూ నేలమీది సేవల సంస్థలు, భోజన సరఫరా వంటశాలలు, సరకు గిడ్డంగులు వెలిశాయి. వయస్సు పైబడిన వారికి అక్కడ కొంత అవకాశం కలదు.

2022 తరువాత ఈ ప్రశ్న మరింత ఇరుకైంది. ఆ ఏడాది వచ్చిన అగ్నిపథ్ పథకం ప్రకారం యువకులు నాలుగేండ్లకే చేరతారు. వారిలో గరిష్ఠంగా నూటికి 25 మందిని మాత్రమే దళంలో కొనసాగిస్తారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి పుచ్చుకొని, పింఛను లేకుండా ఇంటికి వస్తారు. ఈ పథకంపై నిరసన తెలుపుతూ 2022 జూన్ 17న సికింద్రాబాదు రైల్వేస్టేషనులో చెలరేగిన అల్లర్లలో ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయిన సంగతి మన జిల్లాలో అందరికీ తెలిసినదే. వైమానిక దళంలో తొలి అగ్నివీర్ వాయు బృందం 2022 డిసెంబరు చివరలో శిక్షణకు చేరింది. నాలుగేండ్ల లెక్క చూస్తే వారు 2026 ముగిసే సరికి బయటికి వస్తారు. నలభై ఏండ్ల వ్యక్తి సమస్య వయస్సు. ఇరువది మూడేండ్ల యువకుని సమస్య వేరు. అతనికి వయస్సు ఉంటుంది, డిగ్రీ ఉండదు. తనతో చదివినవారు డిగ్రీ ముగించి ఉద్యోగాలు వెదుకుతుండగా అతడు ఇంటర్మీడియేట్ సర్టిఫికెట్టుతో వారి పక్కన నిలబడవలసి వస్తుంది. దళంలో చేరదలచిన మన విద్యార్థులు ఈ లెక్క చేరకముందే వేసుకోవాలి. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో మాజీ అగ్నివీరులకు నూటికి పది స్థానాలు ప్రత్యేకిస్తామని 2022లో ప్రకటించారు గాని, అందరూ మరల తుపాకి పట్టదలచుకోరు గదా.

ఇప్పుడు మన ప్రాంతం వైపు చూద్దాం. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం 1960 దశకంలో వెలసింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970 దశకంలో విస్తరించింది. 1972లో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం స్థాపితమైంది. భానూరులో భారత్ డైనమిక్స్ శాఖ ఉంది. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఏర్పడింది. సైనికులను మోసే శరథ్ పోరాట వాహనాలు అక్కడ తయారవుతాయి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయినందున నేడది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే ప్రభుత్వ కంపెనీలో భాగం. వీటి నడుమ పాశమైలారం, బొల్లారం, జిన్నారం వరకు ఔషధ, రసాయన, ఇనుప పరిశ్రమలు వ్యాపించాయి. విమానంలో అతిథిసేవ చేసినవానికి ఇక్కడ ఏమి పని అనిపించవచ్చు. నా అభిప్రాయంలో ఇక్కడే పని ఉన్నది.

క్యాంటీన్‌తో ప్రారంభిద్దాం. 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారంలో క్యాంటీన్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ఆ సంఖ్యను 100కు తగ్గించి, కాంట్రాక్టు కార్మికులను కూడా లెక్కలో చేర్చింది. విమానంలో భోజనం వండరు. నేలపై వండి, చల్లార్చి, పైన వేడి చేస్తారు. ఈ మధ్యకాలంలో అయిదు డిగ్రీలకు దిగువనో, అరవై డిగ్రీలకు ఎగువనో ఉంచకపోతే ఆహారంలో సూక్ష్మజీవులు వృద్ధి పొందుతాయి. పైలట్లిద్దరూ ఒకే వంటకం తినరాదన్న ఆచారం కూడా ఈ భయంవల్లనే వచ్చింది. ఒకరికి విషాహారం తగిలినా రెండవవాడు విమానం దింపగలగాలి. రాత్రి షిఫ్టు కార్మికునికి సాయంత్రం ఆరు గంటలకు వండిన అన్నం అర్ధరాత్రి రెండింటికి వడ్డించే వంటశాలలో ఈ జ్ఞానం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా ఎన్ని సంస్థలు క్యాంటీన్ మేనేజరు ఉద్యోగానికి మాజీ విమాన సిబ్బందిని పిలుస్తున్నాయి? వారున్నారన్న సంగతే యజమానులకు తెలియదు. తాము చేయగలమన్న సంగతి వారికీ తట్టదు.

దీనికన్నా ముఖ్యమైనది భద్రతా విభాగం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో సంభవించిన పేలుడులో యాభై మందికి పైగా మరణించారు. వారిలో అధికులు బతుకుతెరువుకై ఇతర రాష్ట్రాలనుండి వచ్చినవారు. ఆ రోజు సైరనుల ధ్వని విన్న మన ప్రాంతపు వారికి తొంభై సెకండ్ల మాట అతిశయోక్తిగా తోచదు. పొగ నిండిన గదిలో నేలకు వంగి నడవడం, ద్వారం తెరిచే ముందు చేతి వెనుకభాగంతో వేడి పరీక్షించడం, భయంతో కదలని మనిషిని గట్టి గొంతుతో ఒకే మాట చెప్పి కదిలించడం, బయటపడిన తరువాత తలలు లెక్కించడం, ఇవన్నీ కేబిన్ సిబ్బంది ఏటేటా అభ్యసించే పనులు. పుస్తకంలో చదివి నేర్చుకొనేవి కావు. భాష కూడా ఇందులో భాగమే. హిందుస్తానీ ధారాళంగా మాట్లాడే మన ఉర్దూ మాధ్యమ విద్యార్థి బీహారు, ఒడిశా కార్మికునికి ప్రమాద సూచన అర్థమయ్యేటట్లు చెప్పగలడు. గోడమీద ఇంగ్లీషులో వేలాడే బోర్డు ఆ పని చేయజాలదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెయ్యిమంది కార్మికులున్న కర్మాగారంలో భద్రతాధికారి ఉండాలని ఫ్యాక్టరీల చట్టంలో 1976 సవరణ ద్వారా చేరిన 40-బి సెక్షన్ చెప్పింది. 2020 స్మృతి దానిని 500కు, ప్రమాదకర ప్రక్రియలలో 250కి తగ్గించింది. స్థానాలు పెరుగుతాయనుకోవచ్చు. కాని ఆ పదవికి డిగ్రీ లేక డిప్లొమాతో పాటు గుర్తింపు గల పారిశ్రామిక భద్రత డిప్లొమా కావాలి. సైనిక సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. కాబట్టి ఉద్యోగ విరమణకు రెండు మూడేండ్ల ముందునుండే ఈ చదువు మొదలుపెట్టినవాడు అధికారిగా చేరుతాడు. విరమించిన తరువాత మొదలుపెట్టినవాడు గేటు వద్ద సెక్యూరిటీ గార్డుగా చేరుతాడు. మన పారిశ్రామికవాడలో మాజీ సైనికులను ఎక్కువగా చూచేది గేట్ల వద్దనే అన్నది చేదు వాస్తవం. అది తక్కువ పని అని నేననను. ఇరవై ఏండ్ల శిక్షణలో పదోవంతుకైనా అక్కడ వినియోగం లేదన్నదే నా బాధ. పైగా, పింఛను వస్తున్నది గదా, జీతం తక్కువైనా ఏమి అనే యజమానులూ ఉన్నారు. పింఛను గడచిన సేవకు ప్రతిఫలం. నేటి పనికి నేటి జీతమే న్యాయం.

లోడ్‌మాస్టర్ల సంగతి ఇంత వివరించనక్కరలేదు. బరువు లెక్క, సరకు కూర్పు, ప్రమాదకర రసాయనాల గుర్తుల పరిజ్ఞానం ఉన్నవానికి ఔషధ పరిశ్రమల డిస్పాచ్ విభాగం సహజమైన స్థానం. ముత్తంగి కూడలి వద్ద ఒక గంట నిలబడి ఎన్ని లారీలు పోతున్నవో చూస్తే చాలు.

ప్రభుత్వం కల్పించిన సౌకర్యాలు కొన్ని ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ గ్రూపు-సి ఉద్యోగాలలో నూటికి 10, ప్రభుత్వరంగ సంస్థల గ్రూపు-సి ఉద్యోగాలలో నూటికి 14.5 స్థానాలు మాజీ సైనికులకు ప్రత్యేకించబడినవి. సైన్యంలో గడపిన కాలాన్ని వయస్సునుండి తీసివేసి, మరి మూడేండ్లు సడలింపు ఇస్తారు. మెట్రిక్ చదివి పదిహేనేండ్లు సేవ చేసినవారిని డిగ్రీ అవసరమైన గ్రూపు-సి ఉద్యోగాలకు అర్హులుగా పరిగణించే ఉత్తర్వు 1986 నుండి ఉన్నది. ప్రైవేటు యజమాని ఈ ఉత్తర్వును లెక్కచేయడు. అతనికి విశ్వవిద్యాలయపు పట్టాయే కావాలి. 1982లో హైదరాబాదులో నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, దేశంలోనే మొదటిది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో దూరవిద్య అందిస్తున్నది. దళంలో ఉంటూనే ఈ పట్టా పొందడం సాధ్యం. రక్షణశాఖలోని పునరావాస డైరెక్టరేట్ విరమణకు ముందు సిపాయిలకు, ఎయిర్‌మన్‌లకు 24 వారాల వరకు వృత్తిశిక్షణ ఇప్పిస్తుంది. ప్రత్యేకించిన స్థానాలలో చాలా భాగం నిండక మిగిలిపోతున్నాయి. అర్హత గలవారు దరఖాస్తు పెట్టకపోవడం అందుకు ఒక కారణం.

దరఖాస్తు వ్రాయడంలోనే మనవారు తడబడతారు. దళంలోని పదజాలం యజమానికి అర్థం కాదు. ఫలానా స్క్వాడ్రన్‌లో ఫలానా ట్రేడ్‌లో ఫలానా ర్యాంకు అని వ్రాస్తే అతడు కాగితం పక్కన పెడతాడు. అదే, ఏటా ఇన్ని ప్రయాణాలలో ఇంతమంది ప్రయాణికుల భద్రతకు బాధ్యత వహించాను, ఇంతమంది కొత్తవారికి శిక్షణ ఇచ్చాను, భాండాగార లెక్కలు ఇన్నేండ్లు నిర్వహించాను, ప్రథమ చికిత్సలో ఈ సర్టిఫికెట్ పొందాను అని వ్రాస్తే చదువుతాడు. ఫ్యాక్టరీల చట్టంలో ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె, దానికి శిక్షణ పొందిన ఒక బాధ్యుడు ఉండాలని నియమం ఉండేది. కాబట్టి ఆ చివరి వాక్యం ఊరక పోదు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఏ నాయకుని ఏ తేదీన ఎక్కడికి తీసుకొనిపోయామన్నది దరఖాస్తులో వ్రాయరాదు. అది గొప్పగా తోచవచ్చు గాని రహస్య నియమాలకు విరుద్ధం. తెలివైన యజమాని కూడా అట్టివానిని నమ్మడు.

అధికారుల స్థాయిలో మన నగరమే ఒక ఉజ్జ్వల ఉదాహరణ చూపింది. హైదరాబాదులో 1923లో జన్మించి, నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుండి 1981 వరకు వైమానిక దళాధిపతిగా ఉన్నారు. విరమించిన తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, అటుపిమ్మట ఫ్రాన్సులో భారత రాయబారిగా పనిచేసి, 2018లో హైదరాబాదులోనే కన్నుమూశారు. దళాధిపతికి దక్కిన ద్వారాలు ఎయిర్‌మన్‌కు దక్కవు, నిజమే. అయినప్పటికీ మైనారిటీ విద్యాసంస్థలలో చదివే బాలురు ఈ పేరు తెలియకుండా పెరగడం నాకు విచారకరంగా తోస్తుంది.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. ప్రతి సంవత్సరం చివరి పరీక్షలకు ముందు మన పరిసరాలలోని విశ్రాంత వైమానిక సిబ్బందిని ఇద్దరు ముగ్గురిని పిలిపించి, విద్యార్థులతో ఒక పూట ముచ్చటింపజేయాలి. దళంలో చేరిన పూర్వ విద్యార్థుల పేర్లతో ఒక రిజిస్టరు తెరిస్తే, వారు తిరిగి వచ్చే సంవత్సరం మనకు ముందే తెలుస్తుంది. సాయంకాలం వేళ పారిశ్రామిక భద్రత డిప్లొమా తరగతి నడపగల అవకాశం ఉన్నదేమో సాంకేతిక విద్యాశాఖను అడిగి చూడవచ్చు. పాశమైలారం ఇంత సమీపాన ఉండగా ఈ చదువు మన ఊళ్ళో దొరకకపోవడం వింతగానే ఉన్నది.

విరమించి వచ్చినవారు మొదట వెళ్ళవలసిన చోటు సంగారెడ్డిలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, విద్యార్హత పత్రాలు, ఛాయాచిత్రాలు తీసుకొనిపోయి ఉద్యోగార్థిగా నమోదు చేయించుకొని, మాజీ సైనికుని గుర్తింపు కార్డు పొందాలి. ఆ కార్డు లేనిదే పైన చెప్పిన ప్రత్యేక స్థానాలకు దరఖాస్తు కదలదు. నమోదును గడువు లోపల పునరుద్ధరించుకోవడం మాత్రం మరువరాదు.